పదార్థం: స్థితులు, కణాలు

చోటు ఆక్రమించి, బరువు తూగేదంతా పదార్థమే. అది ఘనమా, ద్రవమా, వాయువా అన్నది మాత్రం దానికి పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఇనుము ఘనమనీ గాలి వాయువనీ మనం అంటున్నామంటే అది మనం బతికే ఉష్ణోగ్రతల లెక్క. అదే ఇనుము 1538 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి పారుతుంది. గాలిలోని నైట్రోజన్ సున్నాకు 196 డిగ్రీలు దిగువన ద్రవమై ఫ్లాస్కులో నిలుస్తుంది. ఇరవై అయిదు డిగ్రీల గదిలో ద్రవంగా ఉండే మూలకాలు రెండే, పాదరసం, బ్రోమిన్. ఈ లెక్క ఐరోపా ప్రయోగశాలలో సరిపోతుంది గానీ మే నెల విజయవాడలో సరిపోదు. 28.4 డిగ్రీలకే కరిగే సీజియం, 29.8 డిగ్రీలకు కరిగే గాలియం అక్కడ నీడలో కూడా ద్రవాలే.

స్థితిని తేల్చేది రెండింటి మధ్య పోటీ. కణాల నడుమ ఉండే ఆకర్షణ వాటిని దగ్గరకు లాగుతుంది. వేడి వల్ల వచ్చే కదలిక వాటిని విడదీస్తుంది. పైనుంచి పడే పీడనం ఈ పోటీలో ఆకర్షణ పక్షాన చేరుతుంది. ఆకర్షణ పూర్తిగా గెలిస్తే ఘనం, కదలిక పూర్తిగా గెలిస్తే వాయువు, ఎవరూ తేల్చుకోలేకపోతే ద్రవం. ఇంకో సంగతి కూడా మొదటే చెప్పుకోవాలి. ఒక్క నీటి అణువును విడిగా పట్టుకుని ఇది మంచా, నీరా, ఆవిరా అని అడిగితే జవాబు లేదు. మూడింటిలోనూ ఉన్నది అదే అణువు. స్థితి అనేది గుంపుకు ఉంటుంది, కణానికి ఉండదు.

కణాలంటే ఏవి?

అన్ని పదార్థాల్లోనూ కణాలు ఒకే తీరున ఉండవు. బంగారం, హీలియం పరమాణువులతో అయినవి. నీరు, చక్కెర, కర్పూరం అణువులతో అయినవి, అంటే కొన్ని పరమాణువులు గట్టిగా కలిసి ఒక్కటిగా తిరిగే కణాలతో. ఉప్పు సంగతి వేరు. అందులో సోడియం క్లోరైడ్ అణువు అనేది విడిగా దొరకదు. ధనావేశమున్న ప్రతి సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్ అయాన్లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియం అయాన్లు వరస తప్పకుండా అమరి ఉంటాయి. ఆ విద్యుదాకర్షణను తెంచడం తేలిక కాదు. పొయ్యి మీద చక్కెర పాకమవుతుంది గానీ ఉప్పు కరగాలంటే 801 డిగ్రీలు కావాలి.

కణాలు ఎంత చిన్నవో చెప్పడానికి 18 గ్రాముల నీళ్లు చాలు, మూడు నాలుగు చెంచాలు. వాటిలోని అణువుల సంఖ్య 602 పక్కన 21 సున్నాలు. దీన్ని అవొగాడ్రో సంఖ్య అంటారు. 2019 నుంచి ఈ సంఖ్య కొలిచి తేల్చేది కాదు, అంతర్జాతీయ ప్రమాణాల్లో నిర్వచనంగా స్థిరపరిచినది.

వైశేషిక దర్శనం చెప్పిన కణాదుడు, గ్రీసులో డెమోక్రిటస్, ఇద్దరూ పదార్థాన్ని విభజిస్తూ పోతే ఇక విభజించలేని కణం దగ్గర ఆగాలని వాదించారు. వైశేషికులు రెండు పరమాణువులు కలిస్తే ద్వ్యణుకమనీ, మూడు ద్వ్యణుకాలు కలిస్తే త్ర్యణుకమనీ లెక్క కూడా వేశారు. ఇవి గొప్ప తర్కాలే, కానీ తూచి చూసినవి కావు. తూచింది జాన్ డాల్టన్. మూలకాలు ఎప్పుడూ నిర్ణీత బరువుల పాళ్లలోనే కలుస్తాయన్న పరిశీలన నుంచి 1803, 1808 మధ్య ఆయన పరమాణు సిద్ధాంతాన్ని నిలబెట్టాడు. 1811లో అవొగాడ్రో, ఒకే ఉష్ణోగ్రత, పీడనాల దగ్గర సమాన ఘనపరిమాణంలో ఉన్న వాయువులన్నింటిలోనూ అణువుల సంఖ్య సమానమన్నాడు. అది రసాయన శాస్త్రవేత్తల బుర్రకెక్కడానికి అర్ధశతాబ్దం పట్టింది.

అంత జరిగాక కూడా పరమాణువులు నిజంగా ఉన్నాయా, లెక్కల సౌకర్యానికి మనం అనుకున్నవా అన్న అనుమానం ఇరవయ్యో శతాబ్దం దాకా పోలేదు. ఆ అనుమానాన్ని తీర్చింది ఒక వృక్షశాస్త్రవేత్త చూసిన వింత. 1827లో రాబర్ట్ బ్రౌన్ పుప్పొడి రేణువుల్లోంచి బయటపడిన అతి సూక్ష్మమైన నలుసులను నీటిలో వేసి సూక్ష్మదర్శిని కింద చూశాడు. అవి ఆగకుండా అటూ ఇటూ తుళ్లుతున్నాయి. జీవమున్నవి కాబట్టి కదులుతున్నాయేమోనని గాజు పొడి, రాతి పొడి, చివరికి ఈజిప్టు స్ఫింక్స్ విగ్రహపు ముక్క పొడి కూడా వేసి చూశాడు. అవీ తుళ్లాయి. 1905లో ఐన్‌స్టీన్, ఇది కంటికి కనిపించని నీటి అణువులు నలుసును అన్ని వైపుల నుంచీ అసమానంగా కొట్టడం వల్ల వచ్చే కదలిక అని చెప్పి, అది ఎంత దూరం జరగాలో సూత్రం ఇచ్చాడు. పారిస్‌లో జాఁ పెరాఁ దాన్ని కొలిచి చూశాడు. గాంబోజ్ అనే పసుపు రంగు చెట్టుజిగురును సమానమైన గుళికలుగా చేసి, నీటి చుక్కలో ఏ ఎత్తున ఎన్ని గుళికలు తేలుతున్నాయో ఓపికగా లెక్కపెట్టాడు. కొండలెక్కేకొద్దీ గాలి పలచబడినట్టే ఆ చుక్కలోనూ పైకి పోయేకొద్దీ గుళికలు పలచబడ్డాయి. ఆ లెక్క నుంచి అవొగాడ్రో సంఖ్య వచ్చింది. వేరే దారుల్లో కట్టిన విలువలూ దానికి దగ్గరగానే ఉన్నాయి. పరమాణువును ఎవరూ కళ్లారా చూడకముందే కేసు తేలిపోయింది. 1926లో పెరాఁకు నోబెల్ బహుమతి ఇచ్చారు.

మూడు స్థితులు, దగ్గరి నుంచి

వాయువులో కణాల మధ్య దూరం, కణం సైజుకు సుమారు పది రెట్లు. అందుకే వాయువును నొక్కితే నలుగుతుంది, వదిలితే ఉన్న చోటంతా నిండుతుంది. మామూలు గదిలో నైట్రోజన్ అణువు సగటున సెకనుకు అర కిలోమీటరు వేగంతో పోతుంది. అలాంటప్పుడు అగరొత్తి వెలిగించిన మరుక్షణమే ఇల్లంతా వాసన రావాలి కదా? రాదు. ప్రతి అణువూ సెకనుకు దాదాపు 700 కోట్ల సార్లు పక్కవాటిని ఢీకొంటూ దారి మార్చుకుంటుంది, అందువల్ల అంత వేగమున్నా ఉన్న చోటి నుంచి ముందుకు సాగేది చాలా తక్కువ. బడిలో వాసన పాకడాన్ని వ్యాపనానికి ఉదాహరణగా చెబుతారు. నిజానికి గదిలో వాసనను మోసుకొచ్చేది ఎక్కువగా గాలి కదలికే. గాలి బొత్తిగా స్తంభించిన గదిలో వట్టి వ్యాపనంతో వాసన అవతలి గోడకు చేరాలంటే గంటలు పడుతుంది.

ఘనంలో కణాలు తమ చోటు విడిచి పోవు, ఉన్న చోటే కంపిస్తాయి. వాటి అమరికే ఘనపదార్థానికి గుణం. వజ్రంలో ప్రతి కార్బన్ పరమాణువు నలుగురు పొరుగువారితో నాలుగు దిక్కులా బిగిసి ఉంటుంది. గ్రాఫైటులో అదే కార్బన్ పొరలు పొరలుగా పరుచుకుంటుంది, పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి కాబట్టే పెన్సిలు కాగితం మీద గీత పడుతుంది. గోల్కొండ వజ్రాలకు అంత పేరు రావడం కూడా కణాల సంగతే. వాటిలో శ్రేష్ఠమైనవాటిలో నైట్రోజన్ పరమాణువులు దాదాపు ఉండవు, అందుకే ఆ నీటితేటదనం. కృష్ణా తీరాన కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే హోప్ వజ్రం నీలంగా ఉండటానికి కారణం, దాని కార్బన్ వరసల్లో అక్కడక్కడా కూర్చున్న కాసిని బోరాన్ పరమాణువులు.

ద్రవం ఈ రెంటికీ నడిమిది. కణాలు ఘనంలో ఉన్నంత దగ్గరగానే ఉంటాయి, కానీ ఒకదాన్ని ఒకటి తప్పించుకుని జరుగుతుంటాయి. నాలుగు కిలోమీటర్ల లోతు సముద్రం అడుగున 400 వాతావరణాల పీడనం ఉన్నా అక్కడి నీరు కుదించుకునేది రెండు శాతం లోపే. సిద్ధాంతకర్తలకు మూడింటిలోకీ కొరకరాని కొయ్య ద్రవమే. వాయువుకు పూర్తి గందరగోళమనే సౌలభ్యం, స్ఫటికానికి పూర్తి క్రమమనే సౌలభ్యం ఉన్నాయి. ద్రవానికి రెండూ లేవు.

నీరయితే ద్రవాల్లోనూ పెడసరపుది. దానికంటే దాదాపు రెట్టింపు బరువున్న అణువు గల హైడ్రోజన్ సల్ఫైడ్ సున్నాకు 60 డిగ్రీలు దిగువనే మరిగి వాయువైపోతుంది. నీరు మాత్రం 100 డిగ్రీల దాకా ఆగుతుంది. కారణం హైడ్రోజన్ బంధాలు, అంటే ఒక నీటి అణువులోని హైడ్రోజన్‌కు పక్క అణువులోని ఆక్సిజన్ మీద ఉండే లాగుడు. గడ్డ కట్టేటప్పుడు ఈ బంధాలు అణువులను షట్కోణాల చట్రంలో ఎడంగా నిలబెడతాయి, అందుకే మంచు నీటికంటే సుమారు 9 శాతం ఎక్కువ చోటు తీసుకుని నీటి మీద తేలుతుంది. ఫ్రీజరులో నిండా నింపి మరచిపోయిన గాజు సీసా పగిలేది ఇందుకే.

వేడి ఇచ్చినా ఉష్ణోగ్రత పెరగని చోటు

గిన్నెలో నీళ్లు పొయ్యి మీద పెట్టి గమనించండి. ముందు గోడలకు అంటుకుని వచ్చే చిన్న బుడగలు ఆవిరివి కావు, నీటిలో కరిగి ఉన్న గాలివి. కాసేపటికి అడుగున నీటి ఆవిరి బుడగలు పుడతాయి, పైనున్న నీరు ఇంకా చల్లగా ఉండటంతో సగం దారిలోనే అణిగిపోతాయి. నీళ్లు మరగబోయే ముందు వినిపించే సిర్రుమనే చప్పుడు వాటిదే. నీరంతా వేడెక్కాక బుడగలు పైదాకా వచ్చి పగులుతాయి, చప్పుడు మారి నీళ్లు తెర్లుతాయి. ఆ బుడగల్లో గాలి లేదు, ఉన్నది నీరే. గిన్నె మీద తెల్లగా కనిపించేది కూడా ఆవిరి కాదు, ఆవిరి చల్లబడి తిరిగి ద్రవమైన సూక్ష్మ బిందువుల గుంపు. అసలు ఆవిరి కంటికి కనిపించదు.

ఇక్కడి నుంచి మంట ఎంత పెంచినా నీరు 100 డిగ్రీలు దాటదు. ఆ వేడంతా అణువుల మధ్య పట్టు తెంచడానికి ఖర్చవుతుంది. 1760ల్లో జోసెఫ్ బ్లాక్ దీన్ని గుర్తించి గుప్తోష్ణం అన్నాడు. ఒక గ్రాము మంచు కరగడానికి 80 కేలరీలు, ఆ నీరు సున్నా నుంచి వందకు చేరడానికి 100, మరిగి పూర్తిగా ఆవిరవడానికి 540. ఆఖరి అంకె చూస్తే మరిగే నీళ్లు పడ్డ గాయం కంటే ఆవిరి కొట్టిన గాయం ఎందుకు ప్రమాదమో తెలుస్తుంది. చర్మం మీద ద్రవంగా మారుతూ ఆవిరి ఆ బాకీ అంతా అక్కడే తీరుస్తుంది.

మరగకుండానే ఆవిరయ్యే దారి కూడా ఉంది. ఏ ఉష్ణోగ్రతలోనైనా ద్రవం ఉపరితలం దగ్గర వేగమైన అణువులు కొన్ని తప్పించుకుపోతాయి, మిగిలినవాటి సగటు వేగం తగ్గుతుంది, అంటే ద్రవం చల్లబడుతుంది. కుండ నీళ్లు చల్లగా ఉండేది ఇలాగే. గాలిలో తేమ ఎక్కువైతే పోయిన అణువుల్లో చాలా మట్టుకు తిరిగి వచ్చి పడతాయి, కాబట్టి అనంతపురంలో చల్లబడినంత బాగా విశాఖపట్నంలో కుండ చల్లబడదు.

కొన్ని ఘనపదార్థాలు ద్రవంగా మారకుండానే ఆవిరైపోతాయి. దీన్ని ఉత్పతనం అంటారు. బట్టల బీరువాలో కలరా ఉండలు నెలల్లో అరిగిపోవడం, డబ్బా మూత సరిగా పెట్టకపోతే కర్పూరం హరించుకుపోవడం ఇదే. పాఠ్యపుస్తకాలు ఈ వరసలో నవాసాగరాన్ని కూడా చేరుస్తాయి. కళాయి పెట్టేవాళ్లు వేడి పాత్ర మీద చల్లగానే తెల్లటి పొగ లేచే పదార్థం అదే. నిజానికి అది వేడికి అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ వాయువులుగా విడిపోయి, చల్లబడ్డాక మళ్లీ కలుస్తుంది. కణాలే మారిపోతున్నాయి కాబట్టి దాన్ని వట్టి స్థితి మార్పు అనడం సరికాదు.

పీడనం చేసే పని

సముద్ర మట్టంలో 100 డిగ్రీల దగ్గర మరిగే నీరు, మూడున్నర వేల మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో 88 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. అక్కడ పప్పు ఓ పట్టాన ఉడకదు. కుక్కరులో పీడనం రెట్టింపు కాబట్టి సుమారు 120 డిగ్రీల దాకా నీరు ద్రవంగానే ఉంటుంది. పీడనాన్ని బాగా తగ్గిస్తూ పోతే ఒక చోట, 0.01 డిగ్రీ సెల్సియస్, వాతావరణ పీడనంలో 160వ వంతుకు కాస్త తక్కువలో, మంచు, నీరు, ఆవిరి మూడూ కలిసి నిలకడగా ఉంటాయి. దీన్ని త్రిక బిందువు అంటారు. కార్బన్ డయాక్సైడుకు త్రిక బిందువు 5 వాతావరణాలకు పైన ఉంది. అందుకే మన గాలిలో పొడి మంచు కరిగి ద్రవం కాదు, సూటిగా వాయువవుతుంది.

పీడనం పెంచితే ఏ వాయువైనా ద్రవం కావాలి గదా అని పందొమ్మిదో శతాబ్దం అనుకుంది. ఫారడే 1823లో క్లోరిన్‌ను ద్రవంగా మార్చాడు, తర్వాత మరికొన్నింటిని. హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్ మాత్రం ఎంత నొక్కినా లొంగలేదు. ఎందుకో బెల్‌ఫాస్ట్‌లో థామస్ ఆండ్రూస్ 1869 నాటికి తేల్చాడు. గట్టి గాజు గొట్టంలో, ద్రవ కార్బన్ డయాక్సైడు, దాని మీద దాని వాయువు. రెంటి మధ్య సరిహద్దు గీత స్పష్టంగా ఉంది. నెమ్మదిగా వేడి చేస్తే ద్రవం సాంద్రత తగ్గుతుంది, వాయువు సాంద్రత పెరుగుతుంది. 31 డిగ్రీలకు చేరువయ్యేసరికి గీత వంపు పోయి చదునవుతుంది, మసకబారుతుంది, మాయమవుతుంది. గొట్టం నిండా ఒకే పదార్థం, దాన్ని ద్రవమనీ అనలేం, వాయువనీ అనలేం. ఈ సందిగ్ధ ఉష్ణోగ్రతకు పైన ఎంత పీడనం పెట్టినా వాయువు ద్రవం కాదు. 1873లో వాన్ డర్ వాల్స్ అణువుల సైజునూ, వాటి పరస్పర ఆకర్షణనూ లెక్కలోకి తెచ్చి దీనికి సమీకరణం రాశాడు.

ఇది మన వంటింటికీ, ఆటో స్టాండుకీ సంబంధించిన విషయం. వంటగ్యాస్‌లోని ప్రొపేన్, బ్యూటేన్‌ల సందిగ్ధ ఉష్ణోగ్రతలు 97, 152 డిగ్రీలు, అంటే మన వాతావరణానికి బాగా ఎగువన. అందుకే కొద్దిపాటి పీడనానికే అవి ద్రవమై 14.2 కిలోల సిలిండరులో ఒదుగుతాయి. లోపల ద్రవం ఉన్నంత సేపూ ఆవిరి పీడనం దాదాపు మారదు, మంట చూసి గ్యాసు ఎంత మిగిలిందో చెప్పలేకపోవడానికి కారణమదే. తూచాల్సిందే. సీఎన్‌జీలో ఉండే మీథేన్ సందిగ్ధ ఉష్ణోగ్రత సున్నాకు 82 డిగ్రీలు దిగువన. ఆటో వెనకనున్న సిలిండరులో 200 వాతావరణాల పీడనం పెట్టినా అది వాయువుగానే ఉంటుంది, అందుకే అంత మందపాటి సిలిండరు. ఆక్సిజన్ కూడా అంతే. దాన్ని ద్రవంగా మోయాలంటే సున్నాకు 183 డిగ్రీలు దిగువన ఉంచే ట్యాంకరు కావాలి. లీటరు ద్రవం నుంచి సుమారు 860 లీటర్ల వాయువు వస్తుంది. 2021లో కోవిడ్ రెండో విడత నాడు దేశమంతా ఆ ట్యాంకర్ల కోసమే ఎదురుచూసింది.

గుంటూరులో మొదలైన వాయువు

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రెంచి ఖగోళవేత్త జాన్‌సెన్ గుంటూరులో, మద్రాసు నక్షత్రశాలకు చెందిన నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో వర్ణపటదర్శినులు పట్టుకుని నిలబడ్డారు. సూర్యుడి అంచున లేచే జ్వాలల వెలుగులో ఆనాడు కనిపించిన గీతల్లో ఒక పసుపు గీత ఉంది. చూడబోతే సోడియం గీత లాంటిదే, కానీ సరిగ్గా అక్కడ లేదు. ఇంగ్లండులో లాకియర్ అదే ఏడు విడిగా దాన్ని గమనించి, భూమ్మీద తెలియని మూలకానిదన్నాడు. దానికే హీలియం అని పేరు వచ్చింది. 1895లో రామ్సే దాన్ని భూమ్మీద ఒక యురేనియం ఖనిజం నుంచి పట్టుకున్నాడు.

ఆక్సిజన్ 1877లో, హైడ్రోజన్ 1898లో ద్రవమయ్యాయి. మిగిలింది హీలియం. దాని పరమాణువుల మధ్య ఆకర్షణ అన్నింటికంటే బలహీనం. 1908 జూలైలో లైడెన్‌లో కామర్లింగ్ ఓనెస్ దాన్ని ద్రవంగా మార్చాడు, సున్నాకు 269 డిగ్రీలు దిగువన, అంటే పరమశూన్యానికి 4 డిగ్రీల పైన. ఆ ద్రవాన్ని శీతలీకరణకు వాడుతూ 1911లో పాదరసంలో అతివాహకతను, అంటే నిరోధం లేకుండా విద్యుత్తు పారే గుణాన్ని, కనిపెట్టాడు. ఇంకా చల్లబరిస్తే, 2.17 కెల్విన్ల (పరమశూన్యం నుంచి లెక్కించే డిగ్రీల) దిగువన, హీలియం జిగట లేని ద్రవమవుతుంది. పాత్ర గోడ మీదుగా పలుచటి పొరగా ఎగబాకి బయటికి కారిపోతుంది. 1937లో మాస్కోలో కపిట్సా, కేంబ్రిడ్జిలో ఆలెన్, మైస్నర్ దీన్ని గుర్తించారు. పరమశూన్యం దాకా పోయినా మామూలు పీడనంలో హీలియం గడ్డ కట్టదు, 25 వాతావరణాలు కావాలి. వేడి పూర్తిగా తీసేసినా పరమాణువులకు క్వాంటమ్ నియమం విధించే కనీస కదలిక ఒకటి ఉంటుంది. హీలియం విషయంలో అదే ఆకర్షణను మించిపోతుంది.

ప్లాస్మా, అతిశీతల వాయువు

ఆ గ్రహణంలో చూసిన జ్వాలలు మామూలు వాయువు కూడా కాదు. వాయువును బాగా వేడి చేస్తే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడి, అయాన్లూ ఎలక్ట్రాన్లూ కలగలిసిన ప్లాస్మా అవుతుంది. అది విద్యుత్తును మోస్తుంది, అయస్కాంత క్షేత్రానికి వంగుతుంది. 1879లో క్రూక్స్ దీన్ని నాలుగో స్థితిగా భావించాడు, 1928లో లాంగ్‌మ్యూర్ పేరు పెట్టాడు. ఏ ఉష్ణోగ్రతలో, ఏ పీడనంలో ఎంత భాగం పరమాణువులు అయాన్లవుతాయో 1920లో మేఘనాద్ సాహా సమీకరణంగా చెప్పాడు. నక్షత్రాల వెలుగు నుంచి వాటి ఉష్ణోగ్రత చదవడం దానితోనే సాధ్యమైంది. విశ్వంలో కంటికి కనిపించే పదార్థంలో అత్యధిక భాగం ప్లాస్మాయే. మన దగ్గర మెరుపు, వెల్డింగు వెలుగు, ట్యూబులైటు. గాంధీనగర్ దగ్గరి ప్లాస్మా పరిశోధన సంస్థలో 1989 నుంచి ఆదిత్య అనే యంత్రంలో ప్లాస్మాను అయస్కాంతాలతో బంధించే ప్రయోగాలు సాగాయి.

రెండో కొస చలి. 1924లో ఢాకా విశ్వవిద్యాలయం నుంచి సత్యేంద్రనాథ్ బోస్ పంపిన వ్యాసాన్ని ఐన్‌స్టీన్ జర్మన్‌లోకి మార్చి ప్రచురింపజేసి, ఆ గణన పద్ధతిని పరమాణువులకూ వర్తింపజేశాడు. తగినంత చల్లబరిస్తే పరమాణువులన్నీ ఒకే క్వాంటమ్ స్థితిలోకి దిగిపోతాయని తేలింది. అంత చలిని సాధించడానికి 1995 దాకా ఆగాల్సి వచ్చింది. అమెరికాలోని బౌల్డరులో కార్నెల్, వీమన్ రుబీడియం వాయువును ఒక కెల్విన్‌లో కోటి వంతుకు కాస్త పైదాకా చల్లబరిచి ఆ స్థితిని చూశారు.

ఏ గదిలోనూ ఇమడనివి

1888లో రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త కొలెస్టెరిల్ బెంజోయేట్‌ను వేడి చేస్తే అది రెండుసార్లు కరిగింది. 145.5 డిగ్రీల దగ్గర మసక ద్రవం, 178.5 దగ్గర తేట ద్రవం. ఆ మసక దశే ద్రవ స్ఫటికం. అణువులు ద్రవంలా జారుతాయి, కానీ ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. ఈ అణువులు కడ్డీల్లా పొడవుగా ఉండాలనుకునేవారు. 1977లో బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్ బృందం బిళ్లల్లాంటి అణువులు కూడా ద్రవ స్ఫటికాలవుతాయని చూపింది.

గాజు చూడడానికి ఘనం, లోపలి అమరికలో ద్రవమంత క్రమరహితం. పాత చర్చీల కిటికీ అద్దాలు కింద మందంగా ఉండటం గాజు శతాబ్దాలుగా కారడం వల్లేనన్న కథ ఒకటి చెలామణిలో ఉంది. అది తప్పు, అద్దం తయారు చేసిన పద్ధతి వల్ల మందం తేడా వచ్చింది, బరువైన అంచును కింద పెట్టారు. నిజంగా కారేది తారు జాతికి చెందిన పిచ్. సుత్తితో కొడితే ముక్కలయ్యే ఆ పదార్థాన్ని 1927లో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో గరాటులో పోశారు. 2014 నాటికి తొమ్మిది చుక్కలు పడ్డాయి. ద్రవం చల్లబడుతూ స్ఫటికం కాకుండా గాజుగా ఎందుకు బిగుసుకుంటుందన్న దాని మీద భౌతికశాస్త్రంలో ఏకాభిప్రాయం ఈనాటికీ కుదరలేదు.

కణాల లోపల

విభజించలేనిదనుకున్న పరమాణువు లోపల 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌నూ, 1911లో రూథర్‌ఫర్డ్ కేంద్రకాన్నీ, 1932లో చాడ్విక్ న్యూట్రాన్‌నూ చూపారు. కేంద్రకం అడ్డుకొలత పరమాణువులో దాదాపు లక్షో వంతు, బరువంతా మాత్రం అక్కడే. ప్రోటాన్, న్యూట్రాన్‌ల లోపల మూడేసి క్వార్కులున్నాయని 1964లో గెల్‌మన్, జ్వైగ్ విడివిడిగా ప్రతిపాదించారు. ఆ మూడు క్వార్కుల బరువు కలిపినా ప్రోటాన్ బరువులో నూటికి ఒక పాలు ఉంటుంది. మిగతాదంతా వాటి కదలికలోనూ, వాటిని కట్టి ఉంచే బలక్షేత్రంలోనూ ఉన్న శక్తి.

క్వార్కులను ప్రోటాన్ల నుంచి విడిపించవచ్చా అని న్యూయార్క్ దగ్గర బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో బంగారం కేంద్రకాలను దాదాపు కాంతి వేగంతో ఢీకొట్టించారు. సుమారు 4 లక్షల కోట్ల డిగ్రీల దగ్గర ఒక్క లిప్త పాటు క్వార్కులు, వాటిని కట్టి ఉంచే గ్లూవాన్లు విడివడ్డాయి. అంత వేడిలో అది వాయువులా చెదిరిపోతుందని చాలామంది ఊహించారు. 2005లో ఫలితాలు ప్రకటించినప్పుడు తేలిందేమంటే, అది ద్రవంలా పారుతోంది, అదీ తెలిసిన ద్రవాలన్నింటికంటే తక్కువ జిగటతో.